ఏడో డేగిస

మా ఇంట్ల గాలి మంచిగ ఆడే గది ఒక్కటే ఉన్నది. రెండు కిటికీలు, ఒకటి వీధి దిక్కు, ఇంకోటి వేపచెట్టు దిక్కు. ఎండాకాలంల సుత ఫ్యాన్ అక్కర లేదు. ఆ గదిల మనుషులుండరు. వస్తువులుంటయి.

నా పేరు నిస్సి. ఈ ఇంటికి కోడలుగ వచ్చి తొమ్మిదేండ్లయింది. మెదక్‌లనే ఒక ప్రైవేటు దవాఖానల నర్సుగ చేస్తున్న. మా ఆయన ఉదయ్ కుమార్‌ది కరెంటాఫీసుల కొలువు. మా మామయ్య జయానందం ముప్పై మూడేండ్లు బడిల సోషల్ చెప్పి రిటైరైండు. రిటైరైన తెల్లారి నుంచి ఆయనకు ప్రపంచ చరిత్ర మీద మనసు ఇరిగిపోయి మా ఇంటి చరిత్ర మీద పడ్డది. గాలి ఆడే గదిని ఖాళీ చేయించి, తలుపు మీద పెయింటరుతోని 'జ్ఞాపకాల గది' అని రాయించిండు. ఆ పూటకెళ్లి నేను, మా ఆయన, మా పాప, ముగ్గురం కలిసి వంటింటి పక్కన ఉన్న ఇరుకు అర్రల కుదురుకున్నం. జ్ఞాపకాలు చెమటకు తట్టుకోలేవు గద, మనుషులైతే తట్టుకుంటరు.

ఆ గదిల ఏముంటయంటే, మా అత్తమ్మ కండ్లద్దాలున్నయి. అది సరే. ఆమె పోయి పదకొండేండ్లయింది, ఉంచుకోవాలె. కని మామయ్య రెండో తరగతిల ఉన్నప్పుడు ఊడిన పన్ను ఎందుకు? దాన్ని హోమియో మందు సీసల దూదివేసి పండుకోబెట్టి, పైన 'జయానందం గారి పాలపన్ను' అని కాయితం అంటించిండు. తన పంటికి తనే 'గారు' అని మర్యాద ఇచ్చుకున్న మనిషిని నేను ఇంకెక్కడ చూడలే. నడవని గడియారాలు నాలుగున్నయి, నాలుగు నాలుగు టైములు చూపిస్తయి. ఆయన పెండ్లి శుభలేఖలు ఒక కట్ట ఉన్నది. పంచంగ మిగిలినయో, పంచకుంటనే మిగిలినయో ఎవ్వరికి తెల్వదు. బట్ట లేని గొడుగు ఒకటి గోడకు వేలాడుతది. అది వాళ్ల నాయనది. వానల తడిస్తే ఏమైతదో ఆ గొడుగును చూసి నేర్చుకోవాల్నట.

మూడేండ్ల కింద మా అమ్మ పోతే ఆమె కుట్టుమిషను తెచ్చుకున్న. ఆ మిషను మీద కుట్టిన జాకెట్ల పైసలతోనే నేను నర్సింగ్ సదివిన. గదిల ఓ మూలకు పెట్టుకుంటనంటే మామయ్య మస్తు మర్యాదగ, "అమ్మా నిస్సీ, అది మీ ఇంటి జ్ఞాపకం. ఇది మా ఇంటి గది" అన్నడు. మిషను మెట్ల కిందికి పోయింది.

ఇంటికి ఎవ్వరొచ్చినా చెప్పులిడిచి ఆ గది చూడాలె. ఒక్కో వస్తువు కాడ ఆగాలె, మామయ్య చెప్పింది ఇనాలె, నడుమల 'అబ్బా' అనాలె. గ్యాసు బండ తెచ్చే ఐలయ్య రెండుసార్లు చూసిండు. మూడోసారి నుంచి బండను గేటు కాడనే దింపి, బండి స్టార్ట్ చేసినంక బెల్లు కొడ్తుండు.

గది నడుమ, ఎర్రగుడ్డ కప్పిన బల్ల మీద ఉండేది అసలు వస్తువు. రాగి డేగిస. పెండ్లిళ్లల్ల వంద మందికి బిర్యానీ వండుతరు సూడు, గంత పెద్దది. ఇద్దరు పడితె గని లేవదు. దాని అంచు కింద చుట్టూరంగ ఉర్దూ అక్షరాలు చెక్కి ఉన్నయి. మా ఇంట్ల అందరికి ఉర్దూ మాట్లాడొస్తది, సదువుడు ఎవ్వరికి రాదు. ఈ సదువరాకపోవుడు మామయ్యకు మస్తు పనికొచ్చింది.

ఆయన చెప్పే కత ఇది. వాళ్ల తాత పరంజ్యోతి ఉపదేశిగ ఊరూరు తిరిగి ప్రార్థనలు చేసేటోడు. నిజాం కాలంల ఒక పెద్ద ఆఫీసరు మన ఖిల్లా చూడనొచ్చి జ్వరంతోని మంచం పట్టిండట. ఏ మందుకు దిగలేదట. పరంజ్యోతి తాత మూడు దినాలు మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేస్తే దిగిందట. ఆ ఆఫీసరు సంతోషపడి ఈ డేగిస బహుమానమిచ్చి, దాని మీద 'దైవజనుడు పరంజ్యోతి గారికి' అని పారశీక భాషల చెక్కించిండట.

నేను కొత్తకోడలుగ వచ్చిననాడు ఆ ఆఫీసరు తాసీల్దారు. మా పాప పుట్టేనాటికి కలెక్టరైండు. పోయినేడు కలెక్టర్ల మీద పెద్ద, సుబేదారైండు. చచ్చి డెబ్బయ్యేండ్లయిన మనిషికి ఇంత జల్ది ప్రమోషన్లు వస్తున్నయి, మా ఆయనకు తొమ్మిదేండ్లల్ల ఒక్కటి రాలే.

"జ్వరం తగ్గినోళ్లు ఎవరన్న ఇంత పెద్ద వంటగిన్నె ఇస్తరా మామయ్యా?" అని ఒకసారి అడిగిన.

"పెద్దోళ్ల దానాలు గట్లనే ఉంటయమ్మా. మనకు సమజ్ కావు" అన్నడు.

సమజ్ కాలేదు.

పోయిన నవంబరుల ఒక ఆదివారం అజీజున్నీసా అమ్మ మా ఇంటికొచ్చింది. ఆమెకు డెబ్బై నాలుగేండ్లుంటయి. రామాయంపేట మనిషి. మనుమరాలు ఆఫ్రీన్‌కు ఇక్కడ స్కూల్ల టీచరు కొలువు దొరికితే రెండేండ్ల కింద ఇద్దరు మెదక్‌కు వచ్చి మా ఎనుక గల్లీల కిరాయికి దిగిండ్రు. అమ్మకు షుగరుండె. కాలికి పుండైతే మా దవాఖానల నేనే కట్టు కడుతుంటి. ఆదివారం దవాఖాన బందు గనుక ఇంటికే రమ్మన్న.

కట్టు కట్టుడు అయింది. చాయ్ తాగింది. చెప్పులేసుకోబోతుంటే మామయ్య చర్చినుంచి వచ్చిండు, బైబిలు చంకల ఉండంగనే.

"అమ్మా, మొదటిసారి వచ్చిండ్రు. మా గది చూసిపోండ్రి."

"ఆమె కాలు బాగలేదు మామయ్యా" అన్న.

"కుర్చీ వేస్త" అన్నడు.

వేసిండు కూడ. అమ్మ కూసున్నది. పన్ను చూసింది, గొడుగు చూసింది, నాలుగు గడియారాలు చూసింది. 'మాషా అల్లా' అని నాలుగుసార్లు అన్నది, పాపం. కుర్చీని ఒక్కొక్క వస్తువు కాడికి నేనే జరుపుకుంట వచ్చిన. ఆఖరుకు డేగిస కాడికి వచ్చినం. మామయ్య గొంతు సవరించుకొని సుబేదారు జ్వరం మొదలువెట్టిండు.

అమ్మ ఆయన దిక్కు చూస్తలేదు. ముందుకు వంగి, కండ్లద్దాలు ఓణీ కొంగుతోని తుడుచుకొని, వేలు పెట్టి అక్షరాలు ఒక్కొక్కటి తడుముకుంట పోయింది.

"ఖాదర్... వ... మునీర్" అన్నది. "బిరాదరాన్. మెదక్. నంబర్ సాత్."

మామయ్య తల ఊపిండు. "అవునవును. దైవజనుడు పరంజ్యోతి గారికి అని అర్థం."

"లేదు సాబ్" అన్నది అమ్మ. "ఖాదర్, మునీర్, అన్నదమ్ములు, మెదక్. ఏడో నంబరు. గిది కిరాయి డేగిస సాబ్."

గదిల సప్పుడు లేదు. ఉన్న నాలుగు గడియారాలు సుత నడిచేటివి కావు.

"మునీర్ ఎవరమ్మా?" అని నేనడిగిన.

"మా అబ్బా" అన్నది. అంటే ఆమె నాయన.

జర నీళ్లు తాగినంక చెప్పింది. ఖాదర్ సాబ్ పెద్దోడు, మునీర్ సాబ్ చిన్నోడు. ఇద్దరు కలిసి చౌరస్తా కాడ పెండ్లి సామాన్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టిండ్రు. మొట్టమొదట కొన్నవి ఏడు రాగి డేగిసలు. ఇద్దరి పేర్లు కలిపి చెక్కించుకున్నరు. ఒక పెండ్లినుంచి ఆరే వాపస్ వచ్చినయి. సామాన్లు తెచ్చే పని చిన్నోడిది గనుక పెద్దోడికి అనుమానం చిన్నోడి మీద పడ్డది. అమ్ముకున్నవు అన్నడు. లేదన్నడు. మాట మీద మాట లేచి పెద్దోడు తమ్ముణ్ని దుకాణంలకెళ్లి, ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండు. మునీర్ సాబ్ పెండ్లాన్ని, నాలుగేండ్ల బిడ్డను తీసుకొని రామాయంపేటకు పోయి సైకిళ్లకు పంచర్లు వేసుకుంట బతికిండు.

"నాకు గప్పుడు నాలుగేండ్లు" అన్నది అమ్మ. "అబ్బా ఆఖరి దినాలల్ల మంచం మీద ఉండి, ఎవ్వరొచ్చినా ఒకటే మాట. ఏడోది నేనమ్మలే, ఏడోది నేనమ్మలే. డాక్టరుకు చెప్పిండు, పాలవానికి చెప్పిండు. మా అమ్మీ నమ్మింది. మేం సుత నమ్మినం. నమ్మాల్సినోళ్లు నమ్మలే."

ఇంకో మనిషైతే అప్పుడు ఊకునేటోడు. మా మామయ్య ముప్పై మూడేండ్లు పిల్లలకు చెప్పిన మనిషి, జవాబు తప్పయితే ప్రశ్నే తప్పంటడు.

"అమ్మా, పారశీకం వేరు, ఉర్దూ వేరు. అక్షరాలు ఒకటే ఉంటయి గని అర్థాలు మారుతయి. పైంగ మీకు షుగరున్నది, కండ్లు..."

"మామయ్యా" అన్న నేను.

"నువ్వాగమ్మా. సాక్ష్యం ఉన్నది. మా మేనత్త ఎలిశిబా శంకరంపేటల ఉన్నది. పరంజ్యోతి తాత సొంత బిడ్డ. ఎనభై మూడేండ్లు, ఇప్పటికి ఒక్క మాట మర్వదు. ఫోను చేస్త. స్పీకరు పెడ్త. అందరు ఇనుండ్రి."

ఆయన్ను ఎవ్వరు బలవంతం చెయ్యలే. ఈ మాట నేను ఎక్కడన్న చెప్త. ఫోను ఆయనే తీసిండు, నంబరు ఆయనే కొట్టిండు, స్పీకరు ఆయనే పెట్టిండు.

"అత్తా, నేను ఆనందాన్ని. మనింటి రాగి డేగిస ఎట్ల వచ్చిందో జర చెప్పు. ఇక్కడ అందరు ఇంటున్నరు."

"ఏ డేగిస రా? మీ అమ్మనాయన పెండ్లిదా?" అన్నది ఎలిశిబా అమ్మమ్మ. చెవుడు గనుక ఆమె మామూలుగ మాట్లాడినా వీధి చివరిదాక ఇనవడ్తది.

"పెండ్లిది కాదత్తా. ఆఫీసరుకు జ్వరమొస్తే..."

"ఎవలికి జ్వరం? నీకా? గోలీ వేసుకున్నవా?"

"నాక్కాదు! నిజాం కాలంల..."

"నిజాం కాలం ఏంది రా, మీ నాయన పెండ్లప్పటికి నిజాం పోయి ఆరేండ్లు. చౌరస్తా కాడ ఖాదర్ సాబ్ దుకాణంల ఏడు డేగిసలు కిరాయికి తెచ్చినం. తెల్లారి ఆరు పంపినం. ఒకటి మా అమ్మ ఉంచుకున్నది. మంచి రాగి అని ఆశ పడ్డది. దాంట్ల బియ్యం పోసి, పైన గోనెసంచులు కప్పి, లోపటింట్ల పెట్టింది. ఆ దుకాణపోళ్లు రెండుసార్లు అడగనొచ్చిండ్రు. ఏడు ఇచ్చినమన్నరు మనోళ్లు. మూడోసారి ఆ అన్నదమ్ములల్ల చిన్నోడు ఒక్కడే వచ్చిండు. మునీరు అని పేరు. మా అన్న నన్ను నమ్ముతలేడు, జర ఇల్లు ఎతుక్కోనియ్యుండ్రి అని వాకిట్ల నిలవడి ఏడ్చిండు రా. మీ నాయన బయటికొచ్చి, పెండ్లిబట్టలు సుత మాయలేదు గప్పటికి, దేవుని తోడు ఏడు ఇచ్చినం అన్నడు. నేను తలుపు సందుల నుంచి చూసిన. పదమూడేండ్లు నాకు."

మామయ్య ఫోను దిక్కు చూసుకుంట ఉన్నడు, అందులకెళ్లి పామొచ్చినట్టు.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే అత్తా?"

"నువ్వెన్నడన్న అడిగినవా? వచ్చినప్పుడల్ల కత నువ్వే చెప్పి పోతుంటివి. ముసలిదాన్ని, ఇంటుంటి. ఇంక ఉన్నదా ఏంది ఆ డేగిస? అమ్మెయ్యలే?"

మామయ్య ఫోను కట్ చేసిండు.

అజీజున్నీసా అమ్మ తిడ్తదనుకున్న. తిట్టలే. ఏడ్వలే. ఆమె చెయ్యి ఇంక ఆ అక్షరాల మీదనే ఉన్నది. "సాబ్, డేగిస నాకొద్దు" అన్నది. "హకీం వచ్చి ఒక్కసారి దీన్ని సదివితె చాలు."

హకీం అంటే ఖాదర్ సాబ్ మనుమడు. అదే చౌరస్తా కాడ, అదే జాగల, ఇప్పుడు టెంట్‌హౌజ్ నడుపుతుండు. ఆమె రెండేండ్ల నుంచి కూరగాయలకు పోయినప్పుడల్ల ఆ దుకాణం ముందటికెళ్లే పోతదట. ఒక్కసారి సుత మెట్లెక్కలేదట. హకీంకు ఆమె ఎవరో తెల్వదట.

ఆమెను ఇంటిదాక ఇడిచిపెట్టి వచ్చేసరికి మామయ్య చేసిన పని ఏందంటే, డేగిసను మర్లేసిండు. అక్షరాలు గోడ దిక్కు, నున్నటి దిక్కు మనుషుల దిక్కు. ఒక్కడే ఎట్ల తిప్పిండో, అరవై ఎనిమిదేండ్ల మనిషి.

వారం దినాలు ఇంట్ల ఆ మాట ఎవ్వరు ఎత్తలే. ఉదయ్‌కు ఇంట్ల లొల్లి అంటే కరెంటు తీగ పట్టుకున్నంత భయం. నేనే ఎత్తిన.

"ఎప్పుడు వాపస్ ఇస్తరు మామయ్యా?"

"డెబ్బై ఏండ్లు మనింట్ల ఉన్నది. దాన్ని చూసుకుంట మూడు తరాలు పెరిగినం. ఇది ఇప్పుడు మన జ్ఞాపకం కాదా?"

"దొంగసొమ్ము ముసలిదైతే వారసత్వమైతదా?"

"మా నాయన ఫోటో ఉన్నది ఈ గదిల. ఆయన ముందట ఆ మాట అనకు."

"మా అమ్మ కష్టపడి కొనుక్కున్న మిషనుకు ఈ గదిల జాగ లేకపాయె. మీ నాయనమ్మ గోనెసంచులు కప్పి దాచినదానికి మాత్రం ఎర్రగుడ్డ వేసి బల్ల పెట్టిండ్రు. నేనైతే ఎవ్వరి ముందటైనా అంట."

తొమ్మిదేండ్లల్ల నేను ఆయనతోని అంత గట్టిగ మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన మెల్లగ, "జ్వరం కత నేను పుట్టించలేదమ్మా" అన్నడు. "చిన్నప్పుడు మా నాయననే చెప్పిండు. నేను... జర పెంచిన. అంతే."

ఎవ్వలి నాయన అబద్ధం వాళ్లకు నిజమే అయితది గద, ఇంకో మనిషి వచ్చి సదివేదాక.

మల్ల ఆదివారం చర్చినుంచి ఎనిమిది మంది ఆడోళ్లు వచ్చిండ్రు. మనోహరాబాద్ నుంచి వచ్చిన వాళ్ల చుట్టాలకు గది చూపిస్తనని మామయ్యనే నెల కింద మాట ఇచ్చిండు. పన్ను చూపిచ్చిండు, గడియారాలు చూపిచ్చిండు. డేగిస కాడ నిలవడి, "నిజాం కాలంల..." అని మొదలువెట్టిండు. ఆగిండు. దగ్గిండు. మల్ల, "నిజాం కాలంల..." అన్నడు. వాళ్లు 'అబ్బా' అందామని నోర్లు తెరుచుకొని ఉన్నరు. ఆయన చెమటలు తుడుచుకొని, "ఇది డేగిస" అని చెప్పి ముందుకు పోయిండు. ఆ గదిల నేనిన్నవాటిల్ల పూర్తిగ నిజమైన మాట అదొక్కటే.

సోమవారం పొద్దున నేను డ్యూటీకి తయారవుతుంటే మామయ్య గదిల నుంచి బయటికొచ్చిండు. కోటు వేసుకున్నడు. ఉత్తమ ఉపాధ్యాయుడని శాలువ కప్పిననాడు వేసుకున్న కోటు.

"ఉదయ్, ఆటో పిలువు. అమ్మా నిస్సీ, ఎనుక గల్లీ అమ్మను సుత తోలుకరా."

మా వీధిల ఉండే ఎల్లం ఆటో వచ్చింది. ఎల్లం, ఉదయ్ కలిసి డేగిసను ఎక్కించిండ్రు. సీటు మొత్తం డేగిసనే పట్టింది. మామయ్య ఎల్లం పక్కన అంచు మీద కూసుండి, కోటు నలగకుంట పట్టుకున్నడు. మిగిలినోళ్లం ఎనుక నడిచినం. అజీజున్నీసా అమ్మ కాలు కుంటుకుంటనే నడిచింది. ఇంకో ఆటో పిలుస్తనంటే ఒద్దన్నది.

హకీం దుకాణంల కుర్చీల కట్టలు, టెంటు గుడ్డలు, స్టీలు బేసిన్లు పైదాక పేర్చి ఉన్నయి. హకీంకు యాభై ఏండ్లుంటయి. మామయ్యను చూసి లేచి నిలవడ్డడు.

"సార్! నమస్తే సార్. మీరు మాకు పదోతరగతిల సోషల్ చెప్పిండ్రు. రాండ్రి, కూసోండ్రి. ఏమన్న ఫంక్షనా?"

మామయ్య కూసోలే. ఆయన చూపు దుకాణం పైఅర మీద పడ్డది. అక్కడ వరుసగ ఆరు రాగి డేగిసలున్నయి, తళతళ మెరుస్తున్నయి. ఆరోదాని పక్కన ఒకటి పట్టేంత జాగ ఖాళీ. కింద కుర్చీలకు జాగ లేక రోడ్డు మీదికి పేర్చిండ్రు గని ఆ ఖాళీల మాత్రం ఒక చెంచ సుత పెట్టలే.

హకీం ఆయన చూపు చూసి నవ్విండు. "అవి కిరాయికియ్యం సార్. మా దాదా నిశానీ, యాదిగ ఉంచుకున్నం. ఏడుండెనట. ఏడోది మా చిన్నదాదా హైదరాబాద్‌ల అమ్ముకొని పోయిండట. మా అబ్బా ఆ ఖాళీ జాగ చూపిచ్చి మాకు చెప్పేటోడు, పైసల కాడ సొంత తమ్ముణ్ని సుత నమ్మొద్దని."

అజీజున్నీసా అమ్మ మెట్ల కింద నిలవడి ఇంటున్నది. నా చెయ్యి పట్టుకున్నది. ఆమె గోర్లు నా చేతుల దిగినయి.

ఒక ఇల్లు, ఉన్న డేగిసను చూపిచ్చి అబద్ధం చెప్పుకుంట వచ్చింది. ఇంకో ఇల్లు, లేని డేగిసను చూపిచ్చి. రెండు ఇండ్లల్ల దుమ్ము మాత్రం రోజు దులిపిండ్రు.

మామయ్య కోటు జేబులకెళ్లి కాయితం తీసిండు. రాసుకొచ్చిండు! "గౌరవనీయులైన హకీం గారికి. ఈ చారిత్రక పాత్రను మా కుటుంబం ఏడు దశాబ్దాలుగా ఎంతో శ్రద్ధతో భద్రపరిచి, నేడు..."

"సాబ్" అన్నది అమ్మ మెట్ల కింది నుంచి. గట్టిగ అనలే. గంతే అన్నది.

మామయ్య ఆమెను చూసిండు. కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. తర్వాత మాట్లాడింది కాయితంల లేదు.

"హకీం, మీ ఏడో డేగిస ఆటోల ఉన్నది. మా అమ్మనాయన పెండ్లికి తెచ్చి మా నాయనమ్మ దాచుకున్నది. మీ చిన్నదాదా మా వాకిట్లకు వచ్చి ఏడ్చిండట. మా నాయన దేవుని మీద ఒట్టు పెట్టి అబద్ధం చెప్పిండు. మునీర్ సాబ్ అమ్మలే. ఆయన తప్పు ఏం లేదు."

హకీం ఆటో కాడికి పోయి వంగి అక్షరాలు సదివిండు. మల్ల లోపటికొచ్చి, నిచ్చెనేసుకొని ఎక్కి, ఆరోదాన్ని తిప్పి దాని అక్షరాలు చూసిండు. మల్ల ఆటో కాడికి పోయిండు. మూడుసార్లు తిరిగిండు అట్ల. ఎల్లం బండి ఇంజను బంద్ చేసి సూస్తుండు.

ఆఖరుకు వచ్చి మామయ్య ముందట నిలవడ్డడు. "సార్, పరీక్షల పానిపట్టు యుద్ధం ఏడాది తప్పు రాసిన్నని మీరు నన్ను పొద్దందాక ఎండల నిలవెట్టిండ్రు. యాదికున్నదా?"

"లేదు" అన్నడు మామయ్య.

"నాకున్నది" అన్నడు హకీం. "మిమ్ముల ఏం అనాల్నో సమజైతలేదు సార్. కూసోమంటె మనసొప్పుతలేదు. పొమ్మంటె మర్యాద కాదు."

"నేను నిలవడ్తనే" అన్నడు మామయ్య. కోటు వేసుకొని, నడిరోడ్డు పక్కన, పదిగంటల ఎండల నిలవడ్డడు.

హకీం మెట్లు దిగి అమ్మ కాడికొచ్చిండు. ఆమె ఎవరో మేం చెప్పలే. మొఖంల ఏం పోలిక కనవడ్డదో ఏమో, చానాసేపు చూసిండు. తర్వాత దుకాణంలకెళ్లి ఒక కుర్చీ తెచ్చి, తన రుమాలుతోని తుడిచిండు.

"ఫుప్పీ" అన్నడు, మేనత్తను పిలిచినట్టు. "లోపటికి రాండ్రి."

"మీ అబ్బా ఉంటే పిలిచేటోడా?" అన్నది అమ్మ.

"ఏమో ఫుప్పీ. మా అబ్బా ఇది తెల్వకనే పోయిండు."

ఆమె జరసేపు ఆ మెట్ల దిక్కు చూసింది. మూడే మెట్లు. నా భుజం పట్టుకొని ఎక్కింది. ఉదయ్, ఎల్లం డేగిసను లోపటికి తెచ్చి ఆమె ముందట దింపిండ్రు. ఆమె ముందుగాల ఖాదర్ పేరు మీద చెయ్యి పెట్టింది. తర్వాత మునీర్ పేరు మీద. అప్పుడేడ్చింది. హకీం ఎనుకకు తిరిగి టెంటు గుడ్డలు సదురుతున్నట్టు చేసిండు. అవి పొద్దుగాలనే సదిరి ఉన్నయి.

ఆ శుక్రవారం నమాజు అయినంక హకీం ఆమెను తన వ్యానుల రామాయంపేటకు తీసుకపోయిండు, మునీర్ సాబ్ సమాధి కాడికి. మామయ్య తను సుత వస్తనన్నడు. ఒద్దన్నరు. అక్కడ హకీం ఏమన్నడో అమ్మ నాకు చెప్పలే, నేనడగలే.

జనవరిల అమ్మ మనుమరాలు ఆఫ్రీన్ పెండ్లి అయింది. ఏడు డేగిసలకు లోపట కొత్తగ తగరం కలాయి పూసిచ్చిండు హకీం. డెబ్బై ఏండ్లకు మొదటిసారి ఏడు కలిసి పొయ్యి మీదికెక్కినయి. మమ్ముల సుత పిలిచిండ్రు. మామయ్య అదే కోటు వేసుకొచ్చిండు. నాకు జర భయమైంది, ఎందుకంటే ఆయన తిన్నగ పొయ్యిల కాడికే పోయిండు, పోయి ఏడోదాని పక్కన నిలవడ్డడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన పెండ్లికొడుకు చుట్టాలు, "గీ పేర్లేంది సాబ్ వీటి మీద?" అని అడిగిండ్రు. గంతే సాలు ఆయనకు.

కొత్త కత మొదలైంది. ఈ కతల మామయ్య చరిత్ర పరిశోధకుడు. చెక్కిన అక్షరాల మీద అనుమానమొచ్చి, ఏండ్లకేండ్లు కష్టపడి, సాక్షుల్ని ఎతికి పట్టుకొని, ఆఖరుకు నిజం బయటికి తీసిండు. అందుల అజీజున్నీసా అమ్మ వేలు లేదు, స్పీకరు ఫోను లేదు, నేనైతే అసలే లేను. రెండోసారి చెప్పినప్పుడు సాక్షులు ముగ్గురైండ్రు. మూడోసారికి ఒక ప్రొఫెసరు సుత వచ్చి చేరిండు.

కని ప్రతిసారి కత ఆఖరుకు గొంతు పెంచి, "మునీర్ సాబ్ అమ్మలేదండీ. తప్పు మా ఇంటిది. మా నాయనది" అంటుండు. ఆ ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మార్చలే.

నేను ఆడోళ్ల దిక్కు అమ్మ పక్కన కూసున్న. నాకు ఓపిక పట్టలే. "పోయి చెప్పాల్నా అమ్మా? నిజానికి సదివింది మీరని?"

ఆమె బిర్యానీల ముక్క ఏరుకుంట మామయ్య దిక్కు చూసింది. మొగోళ్ల దిక్కు ముసలోళ్లు పదిమంది ఆయన చుట్టు చేరి ఉన్నరు. అందుల ఇద్దరు చౌరస్తా పాత దుకాణపోళ్లు, మునీర్ సాబ్ దొంగ అని చిన్నప్పటిసంది ఇన్నోళ్లు.

"చెప్పనియ్యి బేటా" అన్నది. "జర గట్టిగ చెప్పుమను. ఎనుకున్నోళ్లకు ఇనవడ్తలేదు."